మందపు బల్ల, పల్చటి బల్ల

మొన్న మా గల్లీ పిల్లలు, ఈమధ్యనే కంపెనీలల్ల పనికి చేరినోళ్లు, నన్ను ఒక మాట అడిగిన్రు. "పెద్దనాయినా, నువ్వు పాశమైలారంల జిందగీ అంత ఫైబర్ పనే చేసినవు గదా. చేసినవాటిల నీకు బాగ యాదికుండేది ఏంది?" అని. నేను జెర సేపు ఆలోచించిన. నేను ఆకారం కట్టిన యాసిడ్ ట్యాంకులు, పొగ గొట్టాలు గడ్డపోతారం మందుల కంపెనీలల్ల ఇప్పటికీ నిలబడి ఉన్నయి. కొన్నయితే ఇల్లంతంత ఉంటయి. గని నాకు యాదికొచ్చినయి అవి గావు. రెండు బల్లలు. సముద్రంల అల లేసినప్పుడు మనిషి దాని మీద నిలబడి జారే బల్లలు. సర్ఫింగ్ బోర్డు అంటరు. ముంబై రోడ్డు పక్కన, లారీల దుమ్ముల ఉన్న మా షెడ్డుల అసుంటివి చేసినం అంటే పిల్లలు నవ్విన్రు. నవ్వుతరని నాకెరుకే. గందుకే మొత్తం చెప్పిన. వాళ్లకు చెప్పినట్టే మీకు గూడ చెప్త, ఇనుండ్రి.

నేను ప్యాటర్న్ మేస్త్రిని. ఏ వస్తువైనా ముందుగాల దాని రూపం కట్టెతోనో థర్మాకోల్‌తోనో తయారు చేసేటోణ్ణి. ఆ రూపం మీద గాజు నూలుతోని నేసిన గ్లాసు బట్ట పరిచి, రెసిన్ అనే జిగురు పూసి, రాయి లెక్క గట్టి చేసేది నా దోస్తు. ఆయన ఒడిశా మనిషి, చేపలు పట్టే ఇంట్ల పుట్టినోడు. చిన్నప్పుడే ఊరు ఇడిచిపెట్టి బతకనీకి ఇటు వచ్చిండు. తెలుగుల హిందీ కలిపి మాట్లాడేటోడు. నేను ఏది చేసినా దాంట్ల తప్పు పట్టనిది ఆయనకు చాయ్ మింగుడు పడకపోయేది. మేమిద్దరం కొట్లాడుకోని దినం ఉంటే షెడ్డుల మిగతావాళ్లు పరేషాన్ అయ్యేటోళ్లు.

మా సారు తండ్రి కోస్తా దిక్కునుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీల నౌకరీకి వచ్చి ఇక్కడనే ఇల్లు కట్టుకున్నడు. సారు ఈ షెడ్డు పెట్టుకున్నడు. మెత్తటి మనిషి. ఎంత చిన్న పనోణ్ణయినా "అండి" అనకుండ పిలవడు. అప్పటికి మా పని తగ్గుతున్నది. కంపెనీలు ప్లాస్టిక్ ట్యాంకులకు మళ్లినయి. ఒక్కొక్కరే షెడ్డు ఇడిచి వేరే దిక్కు పోతున్నరు. మిగిలిన మాకు గూడ ఇంక ఎన్నాళ్లు అన్నది లోపల ఉండేది, గని ఎవ్వలం పైకి అనకపోయేది.

అసుంటి ఒక ఎండాకాలంల ఆమె వచ్చింది.

గేటు ముంగట షేర్ ఆటో ఆగింది. అండ్లకెళ్లి ఒక ఆడమనిషి దిగింది. ముప్పై దాటి ఉంటయి. ఎండకు కమిలిన మొకం, ఉప్పు నీళ్లకు రాగి రంగు తిరిగిన జుట్టు. ఆటో మీద కట్టిన పొడుగాటి మూట ఒకటి ఇప్పి సంకల పెట్టుకున్నది. పాత చీరల సుట్టి ఉన్నదది.

"ఏందమ్మా అది, ఇస్త్రీ బల్లనా?" అన్నడు వాచ్‌మన్.

"కాదండి, అలల మీద ఎక్కీ బల్ల. ఇరిగిపోనాది. ఇక్కడ ఫైబర్ పని సేత్తారని మా అన్నయ్య సెప్పినాడు."

ఆమె అన్న మా ఎదురుంగ కెమికల్ కంపెనీల పని చేస్తడు. ఆమెది వైజాగు దాటినంక సముద్రం ఒడ్డున ఒక పల్లె. చేపలోళ్ల బిడ్డ. చిన్నప్పుడు పాత తెప్పల కట్టె మీద అలలెక్కడం నేర్చుకున్నదట. తర్వాత పోటీలకు పోయి గెలిచింది. ఇప్పుడు పల్లె పిల్లలకు నేర్పుతున్నది. బల్లలు బయటి దేశంకెళ్లి రావాలె. ఇరిగితే బాగు చేసేటోళ్లు లేరు.

చీర ఇప్పి ఇరిగిన బల్లను మా టేబుల్ మీద పెట్టింది.

"దీన్ని అతకమనటం లేదండి. ఇలాటిది కొత్తది సేత్తారా? వానాకాలం ఎల్లినాక మా ఊరి ఒడ్డున పోటీలున్నాయి. నానెక్కీ ఆకరి పోటీలు."

సారు నా దిక్కు చూసి "ఏమంటారు మేస్త్రీ, మనవల్ల అవుతుందా?" అన్నడు.

నేను బల్ల మీద చెయ్యి పెట్టి మెల్లగ తడిమిన. కొసకెళ్లి కొసదాంక ఒక్క తిన్నటి గీత లేదు. ముక్కు దగ్గర పైకి లేసింది, నడుమల సాపుగ పండుకున్నది, తోక దగ్గర మళ్ల జెర లేసింది. అంచులు ఒక కాడ గుండ్రంగ, ఒక కాడ కత్తి లెక్క. నా జిందగీల గుండ్రటి ట్యాంకులు, చదరపు డబ్బాలు చేసీ చేసీ చేతులకు తుప్పు పట్టినట్టుండె. ఆ వంపు మీద చెయ్యి పోతుంటే పానం లేసొచ్చింది.

"అయితది సార్" అన్న.

"పైలే బోల్ దియా, నన్ను అడగకుండనే" అని పక్కకెళ్లి సణిగిండు దోస్తు.

మొదటి బల్ల సంగతి చెప్తే నవ్వొస్తది. థర్మాకోల్ దిమ్మెను కాల్చిన తీగతోని కోసి, ఆకురాయితోని, గరుకు కాగితంతోని రోజుల కొద్దీ రుద్ది ఇరిగిన బల్ల లెక్కనే దించిన. మేము రోజు వాడే రెసిన్ థర్మాకోల్‌ను తింటది. గందుకే మామూలుగ దాని మీద టేపు సుట్టినంకనే పూస్తం. ఇక్కడ టేపు ఏస్తే గ్లాసు బట్ట బల్లకు పట్టదు. "పల్చగ ఒక్క పొరే గదా, ఏం గాదు" అని నేనన్న. "కుచ్ నహీ హోగా" అని ఆయనన్నడు. మా ఇద్దరికి ఒక మాట మీద ఒప్పుడు కుదిరింది గదే మొదలు. పూసినం. బల్ల సుయ్యిమని సప్పుడు చేసింది. మేము చూస్తుండంగనే నడుమకెళ్లి లోపలికి కుంగి, ముడుచుకొని, ఎండిన చేప లెక్క అయింది. షెడ్డు మొత్తం నవ్విండ్రు. సారు గూడ మొకం పక్కకు తిప్పుకున్నడు.

తర్వాత ఎపాక్సీ అని వేరే రకం రెసిన్ తెప్పించినం. అది థర్మాకోల్‌ను ముట్టదు. ఈసారి బల్ల మంచిగ వచ్చింది. అద్దం లెక్క మెరిసింది. అన్నను చూడనీకి వచ్చినప్పుడు ఆమెను పిలిచినం. ఆమె దాన్ని ఒక్క చేత్తో లేపబోయింది, లేవలే. రెండు చేతులతోని లేపి మళ్ల కింద పెట్టింది.

"బాగున్నాదండి" అన్నది మర్యాదకు. బల్లను ఇంకోపారి చూసి, "ఏనుగెక్కినా ఇరగదు. కానీ దీన్ని నీటిదాకా మోసికెళ్లడానికి ఇంకో ఏనుగు కావాల" అన్నది.

ట్యాంకు చేసే చెయ్యి మాది. గట్టిగ ఉంటే మంచిది, ఇంక గట్టిగ ఉంటే ఇంక మంచిది, గంతే మాకు తెలిసింది. బట్ట మీద బట్ట ఏసి పెట్టిండు దోస్తు. ఏ కంపెనోడూ వచ్చి "మీ ట్యాంకు మస్తు గట్టిగున్నది, వద్దు" అని వాపస్ చెయ్యలేదు గదా. ఈ పనిల అట్ల గాదు అని ఆ దినం సమజయింది. ఇక్కడ ఒక కాడ లాభం చూసుకుంటే ఇంకో కాడ నష్టం వచ్చి కూసుంటది.

ఆమె ఓపికగ చెప్పింది. బల్ల మీద చెయ్యి పెట్టి, ఒక్కొక్క కాడ చూపించుకుంట.

"మేస్త్రిగారూ, బల్ల మందంగుంటే నీటిమీద బాగా తేల్తాది. సేతుల్తో తెడ్డేత్తే జోరుగా ఎల్తాది. అల తొరగా దొరుకుతాది. కానీ ఎక్కినాక తిరగమంటే తిరగదు. అంచు నీట్లోకి దిగదు కదండీ. పల్చగుంటే కాలు మోపినట్టల్లా తిరుగుతాది. కానీ సరిగ్గా తేల్దు. అల దొరకాలంటే సేతులు పడిపోవాల."

"ఎడల్పు పెంచితే?"

"పడిపోరు. నేర్సుకునీ సిన్నపిల్లలకి అదే మంచిది. కానీ ఈ పక్కనుంచి ఆ పక్కకి వొంగీసరికి అల ఎల్లిపోతాది."

"ముక్కు ఇంక జెర పైకి లేపితే?"

"నిటారు అలలో ముక్కు గుచ్చుకోదు. కానీ నీటిని ఎదురు తోస్తాది, జోరు తగ్గిపోద్ది."

"మరి అన్నీ కావాల్నంటే ఎట్ల బిడ్డా?"

"అన్నీ కావాలంటే దేవుణ్నే బల్ల సెయ్యమనాల" అని నవ్వింది.

ఆమె అడిగింది మాత్రం సాఫ్‌గ అడిగింది. పల్చగ, సన్నగ, తోక ఇరుకుగ. పోటీల బల్ల. చేతులతోని ఎట్ల తెడ్డు ఏస్తరో చూపించనీకి మా టేబుల్ మీద బోర్ల పండుకొని రెండు చేతులు ఆడించింది. నేను టేబుల్ మీద సుద్దతోని ఆమె రొమ్ము ఎక్కడ ఆనుతది, మోకాళ్లు ఎక్కడ వస్తయి అని గుర్తులు పెట్టుకుంటున్న. దోస్తు రెసిన్ బకెట్ పట్టుకొని ఊకె నిలబడి చూస్తున్నడు.

ఆమె అన్నకు అన్నం డబ్బా ఇచ్చొస్త అని బయటికి పోయింది. దోస్తు నా దగ్గరికి వచ్చిండు.

"భాయ్, దేఖా? కుడి చెయ్యి పూరా తిరగలే. పైకి లేస్తది, అక్కడనే అటక్ అయితది. మా బాపుకు గిట్లనే ఉండె. వల గుంజి గుంజి భుజం పోయింది. పల్చటి బల్ల ఇస్తే ఈమె తెడ్డు ఎట్ల ఏస్తది?"

"పార్టీ ఏది అడిగితే అది చెయ్యాలె. భుజం సంగతి మనకెందుకు?"

"ట్యాంక్‌ల యాసిడ్ ఉంటది భాయ్. దీని మీద మనిషి ఉంటది" అన్నడు.

నేను టేబుల్ మీది గుర్తుల దిక్కు మళ్ల చూసిన.

ఆమె తిరిగొచ్చినంక ఆయనే అడిగిండు. "బహెన్, భుజానికి ఏమయింది?"

"ఏటవనేదు."

"కుడి చెయ్యి పూరా లేపు."

ఆమె మొకం ఎర్రగయింది. "నాను బల్ల సెయ్యమన్నాను. వైద్యం సెయ్యమనలేదు" అని గట్టిగనే అన్నది. షెడ్డుల మిషన్లు నడుస్తున్నా అందరికి ఇనవడ్డది. చీర మూట తీసుకొని గేటు దాంక పోయింది. పోతదనుకున్నం. అక్కడ నిలబడి, మళ్ల ఎనక్కి వచ్చి రెసిన్ డ్రమ్ము మీద కూసున్నది.

"పోయినేడు అల మీంచి పడిపోతే భుజం కీలు తప్పింది" అన్నది నేల దిక్కు చూసుకుంట. "మళ్లీ మళ్లీ తప్పుతున్నాది. డాక్టరు మానీమన్నాడు. ఊర్లో అందరూ టీచరమ్మా, టీచరమ్మా అంటన్నారు. ప్రేమగానే అంటన్నారు, నాకు తెలుసు. కానీ టీచరమ్మ అంటే ఒడ్డున నిలబడీదని కదండీ. ఆకరిసారి ఒక్కపాలి నీట్లో ఉండాలనుకున్నాను. అంతే."

ఇగ నేను టేబుల్ మీద సుద్దముక్కతోని గీసి చూపెట్టిన. రొమ్ము కింద మందం ఎక్కువ పెడదాం. అంచుల కొచ్చేవరకు పల్చగ దించుదాం. ఎడల్పు ముంగట జెర పెంచుదాం, తోక ఇరుకుగనే ఉంచుదాం. తేలుడు తేల్తది, తిరుగుడు గూడ ఎంతోకొంత తిరుగుతది.

ఆమె ఆ గీతల మీద ఏలు పెట్టి చూసింది. పనిమంతురాలు, సమజయింది ఆమెకు. "మంచి బల్లే అవుతాది" అన్నది. "కానీ నాకిది కాదు."

అప్పటిదాంక పక్కన నిలబడి ఇంటున్న సారు ముంగటికి వచ్చిండు. "రెండూ చేయండి మేస్త్రీ. ఒకటి ఆవిడ చెప్పినట్టు, ఒకటి మీరిద్దరూ చెప్పినట్టు. నీళ్లలో దిగాక ఆవిడే తేల్చుకుంటారు" అన్నడు. పని లేక షెడ్డు ఎండుతున్న దినాలల్ల ఆ మాట అనాల్నంటే మనసు కావాలె.

ఆ వానాకాలం నాకు మంచి కాలం. పిల్లలూ, మీకు ఒకటి చెప్తున్న. చేసే పని మీద మనకే మోజు పుట్టే దినాలు నౌకరీల మస్తు తక్కువ వస్తయి. వచ్చినప్పుడు వచ్చినయని గుర్తుపట్టుండ్రి. నేను షెడ్డు మూలకు తాడిపత్రి పట్టాలు కట్టి చీకటి చేసుకున్న. ట్యూబులైటును నడుము ఎత్తుల అడ్డంగ పెట్టి, ఆ ఎలుగుల బల్లను రుద్దేటోణ్ణి. పైకెళ్లి ఎలుగు పడితే అంత సాపుగనే కనిపిస్తది. పక్కకెళ్లి పడితే చిన్న గుంత గూడ నీడ పడి దొరికిపోతది. ఒక అంచు రుద్ది, ఇంకో అంచు దానికి జోడు చెయ్యాలె. ఈ పక్క జెర ఎక్కువ పోతే ఆ పక్క గూడ తియ్యాలె. తీసుకుంట పోతే బల్లే ఉండదు. ఎక్కడ చెయ్యి ఆపాల్నో అదే అసలు పని.

మందపు బల్ల నా చేతికి తొందరగనే వచ్చింది. పల్చటిదే నన్ను ఏడిపించింది. తోక దగ్గర ఎంత పల్చగయిందంటే ఎనుక లైటు పెడితే ఎలుగు ఇటు పక్కకు కనిపిస్తుండె. గరుకు కాగితాన్ని ఏలి కొసలతోనే పట్టి రుద్దిన. దోస్తు గూడ మారిండు. కాళ్లు ఆనే కాడ మాత్రమే బట్ట జోడించి, మిగతా అంత ఒక్క పొరతోని, రెసిన్ ఒక్క చుక్క ఎక్కువ లేకుండ రబ్బరుతోని గీకి గీకి తీసిండు. పల్చటిదాన్ని తయారు చేసుకుంట గూడ "ఇది దండగ, మందందే కావాలె" అని సణుగుడు ఇడవలే. పగటన్నం టైముల మిగతా పనోళ్లు వచ్చి బల్లల మీద చేతులు రుద్దిపోయేటోళ్లు. ఒక వెల్డరు రోజూ వచ్చేటోడు, ముట్టి పోయేటోడు.

వానలు ఎల్లినయి. వైజాగు దిక్కు మందుల కంపెనీకి సామాను తీసుకపోయే లారీల బల్లలు కట్టి నన్ను, దోస్తును సారు పంపిండు. "వెళ్లి చూసి రండి. చూడకుండా ఎలా తెలుస్తుంది, బాగుందో లేదో" అన్నడు.

సముద్రం చూసుడు నాకు అదే మొదలు. ఏం చెప్పాలె. ఒడ్డున నిలబడి నేను చూసింది ఏందంటే, ఒక్క అల తీరు ఇంకో అల లేదు. జిందగీ అంత ఒక్క ప్యాటర్న్ చేసి దాని మీద వంద వస్తువులు తీసినోణ్ణి. దోస్తు చెప్పులు ఇడిచి మోకాలు లోతు నీళ్లల్లకు పోయి, అక్కడనే చాలాసేపు అట్లనే నిలబడ్డడు. నేను పిలవలే.

పోటీకి ముందు దినం ఆమె రెండు బల్లలు నీళ్లల్లకు తీసుకపోయింది. ముందు మందపుది. అల తర్వాత అల ఎక్కింది. చేతులు జెర ఆడిస్తే చాలు, బల్ల తనంతట తనే పోయి అలను పట్టుకుంటున్నది. తిరిగేటప్పుడు మాత్రం పెద్ద బస్సు మలుపు తిరిగినట్టు మెల్లగ, పెద్దగ. ఆమె మొకంల నవ్వు దూరానికి గూడ కనిపించింది. దోస్తు నా భుజం గుద్దిండు. "దేఖా?"

తర్వాత పల్చటిది. ఒక అల వచ్చింది, అందలే. ఇంకోటి వచ్చింది, అందలే. చేతులు కొట్టుకుంటున్నది, బల్ల సగం నీళ్లల్లనే మునిగి ఉన్నది. మస్తు సేపటికి ఒకటి దొరికింది. లేసి నిలబడ్డది. అంతే, అల గోడకు అడ్డంగ బల్లను తిప్పింది, నీళ్లు రెక్క లెక్క లేసినయి. అది అయినంక కుడి చెయ్యి పట్టుకొని బయటికి వచ్చింది.

పొద్దుగూకే టైముల ఇసుక మీద రెండు బల్లలు పక్కపక్కన పెట్టుకొని కూసున్నది.

"రేపు ఏది బిడ్డా?" అన్న.

"పల్చది."

దోస్తుకు కోపం ఆగలే. "పాగల్ హో క్యా? ఎవరెన్ని ఎక్కినా మంచివి రెండు అలలు లెక్కల కొస్తయి అని నువ్వే చెప్పినవు. పల్చదాని మీద రెండు దొరుకుతయా నీకు?"

"దొరకవేమో."

"మరి?"

"అన్నయ్యా, ఆ మందపుదాని మీద ఎక్కితే నాకు నాలుగలలు దొరుకుతాయి. నాలుగూ ఓ మాదిరిగుంటాయి. మూడో నాలుగో నెంబరు వొస్తాది. రేపు ఎల్లుండి టీచరమ్మ బాగా సేసిందంటారు." ఆమె పల్చటి బల్ల అంచు మీద అరచెయ్యి పెట్టింది. "దీని మీద ఒకటే దొరకొచ్చు. కానీ అది నా అలలాగుంటాది."

దోస్తు మందపు బల్లను లేపి పక్కకు పెట్టిండు.

తెల్లారి ఒడ్డు నిండ జనం. మైకులు, గొడుగులు, దూరంకెళ్లి వచ్చిన పిల్లలు, ఆమె దగ్గర నేర్చుకున్న పల్లె పిల్లలు. ఆమెతోని నీళ్లల్లకు దిగినోళ్లంత ఆమెకంటే చిన్నోళ్లు. హారన్ మోగింది. వాళ్లు ఒకటి ఎనుక ఒకటి అలలెక్కుతున్నరు. ఆమె మాత్రం దూరంగ, అందరికంటే లోపలికి పోయి, బల్ల మీద కూసొని ఉన్నది. మంచి అలలు ఆమె పక్కకెళ్లే పోతున్నయి. ముట్టుకుంట లేదు. నేను లోపల్లోపల ఉడికిపోతున్న. "ఎందుకు ఎక్కదు, ఎందుకు ఎక్కదు" అంటున్నడు దోస్తు.

టైము అయిపోవస్తుండంగ ఒక పెద్ద అల లేసింది. దూరంకెళ్లే నల్లగ కనిపించింది. ఆమె తిరిగింది. చేతులు కొట్టింది. నాలుగైదు సార్లు కొట్టిందేమో, కుడి చెయ్యి ఆగుతున్నది, ఎడమ చెయ్యి లాగుతున్నది. అల ఆమె కిందికెళ్లి పోయిందనే అనుకున్న. పోలే. ఆమె నిలబడ్డది.

నేను చేసిన బల్ల అట్ల తిరుగుతదని నాకు తెల్వదు పిల్లలూ. చేసినోణ్ణి నేను, నాకే తెల్వదు. అల గోడ కిందికి జారి, అడుగుకు పోయి, ఒక్క కాలు మోపుతోని మళ్ల పైకి గుంజుకొచ్చింది. అల కొస మీద బల్ల ముక్కు గాలిల లేసింది, తోక మాత్రం నీళ్లను పట్టుకొని ఉన్నది. మళ్ల కిందికి. మళ్ల పైకి. ఆ తోకను అంత పల్చగ ఎందుకు అడిగిందో నా కండ్లతోని చూసిన. మందపుదయితే అక్కడ నీళ్ల మీద జారిపోయేది. ఒడ్డున జనం అంత ఒక్కసారి అరిచిన్రు. ఆ అరుపుల నాది గూడ ఉన్నది.

ఇంకో అల కోసం ఆమె మళ్ల లోపలికి పోవాలని చూసింది. కుడి చెయ్యి లేవలే. హారన్ మోగింది. ఒక్క ఎడమ చేత్తోనే తెడ్డు ఏసుకుంట మెల్లగ ఒడ్డుకు వచ్చింది. రెండు అలలు కావాలె గదా. ఒక్కటే ఉన్నది. మొదటి రౌండులనే బయటికి.

ఆమె మా దగ్గరికి వచ్చి ఇసుకల కూలబడ్డది. ఊపిరి ఎగబోస్తున్నది. నా దిక్కు చూసి, "సూసినారా మేస్త్రిగారూ?" అన్నది.

"చూసిన బిడ్డా."

దోస్తు ఆమె భుజానికి తడిగుడ్డ కట్టిండు. కట్టుకుంట "బేవకూఫ్ లడ్కీ" అని తిడుతున్నడు, కండ్లకెళ్లి నీళ్లు కారుతున్నయి. లెక్క ప్రకారం మా మాటే నిజమయింది. మందపుదే తీసుకోవాలె. గని ఆ లెక్క నేను ఆ దినం ఆమె ముంగట తియ్యలే, తర్వాత గూడ ఎన్నడు తియ్యలే. మంచి వస్తువు ఏది అని మనం అడుగుతం. ఎవరికి, దేనికి అని అడగకపోతే ఆ మాటకు అర్థం లేదని అక్కడ సమజయింది నాకు.

తర్వాతి ముచ్చట చెప్పాల్నంటే, ఆమె అలలెక్కుడు నేర్పే బడికి, ఆ ఒడ్డు మీద ఇంకో రెండు బళ్లకు మా షెడ్డు మందపు బల్లలు చేసి పంపింది. నేను రిటైరయ్యేదాంక ఆ పనే చేసిన. షెడ్డు ఇప్పటికీ నడుస్తున్నది. దోస్తు తన ఊరికి పోయిండు, వానలు పడితే ఫోన్ చేసి సముద్రం సప్పుడు ఇనిపిస్తడు. ఆమె పోటీలకు మళ్ల పోలే. పల్చటి బల్ల మీద ఎన్నడన్న, చేతికి నొప్పి లేని పొద్దున, ఒంటరిగ ఎక్కుతదట.

గని నాకు ఎక్కువ యాదికుండేది పోటీ తెల్లారి పొద్దున. లారీ ఇంక రాలేదు. ఆమె చెయ్యి మెడకు కట్టుకొని, మందపు బల్లను పిల్లలతోని మోయించుకుంట వచ్చింది.

"మేస్త్రిగారూ, ఇది మీరు సేసినారు కదా. మీరెక్కరా?"

"నాకు ఈత రాదు బిడ్డా."

"నడుము లోతే కదండీ. నానుంటాను. బోర్లా పడుకోండి, సాలు."

దోస్తు ఎనుకకెళ్లి నూకనే నూకిండు. లుంగీ ఎగజెక్కి, బల్ల మీద బోర్ల పండుకున్న. రొమ్ము కింద మందం పెట్టిన కాడ సరిగ్గ నా రొమ్ము వచ్చింది. నీళ్లు సల్లగున్నయి. నాకు భయమయి రెండు అంచులు గట్టిగ పట్టుకున్న. ఎనుకకెళ్లి ఏదో సప్పుడయితున్నది. "ఒస్తన్నాది, ఒస్తన్నాది, ఇప్పుడు!" అని ఆమె తన మంచి చేత్తో బల్లను నూకింది.

కిందికెళ్లి నన్ను ఎవరో లేపినట్టయింది. అంత పెద్ద నీళ్లు, నన్ను, నా బల్లను, బుజ్జగించినట్టు లేపి ముంగటికి తీసుకపోతున్నయి. ఏదో అరిచిన, ఏమని అరిచిన్నో యాదికి లేదు. తీరం నా మీదికి ఉరికొచ్చింది. బల్ల గర్రుమని ఇసుకల ఎక్కి ఆగింది. నోటినిండ ఉప్పు, కండ్లనిండ ఇసుక, లుంగీ ఎక్కడున్నదో తెల్వదు. దోస్తు నీళ్లల్ల కూసొని కడుపు పట్టుకొని నవ్వుతున్నడు. పల్లె పిల్లలు చప్పట్లు కొడుతున్నరు.

రోడ్డు మీదికెళ్లి లారీ హారన్ కొడుతున్నది, మమ్ముల పిలుస్తున్నది. నేను లేసి, లుంగీ సదురుకొని, బల్లను మళ్ల నీళ్ల దిక్కు తిప్పిన.

"ఇంకొక్కపారి నూకు బిడ్డా" అన్న.